గాలిని పట్టే బట్ట

కోరుట్ల నుంచి ఆర్మూరు వెళ్తున్న ఆర్టీసీ బస్సు జాతీయ రహదారి కూడలి దగ్గర ఆగిపోయింది. ఎదురుగా ఓ పేద్ద బండి మలుపు తిరగలేక అవస్థ పడుతోంది. దాని మీద తెల్లగా, నున్నగా, ఒకవైపు లావుగా, రెండోవైపు కత్తిలా సన్నగా ఏదో వస్తువు. ముందో జీపు, వెనకో జీపు, ఎర్రజెండాలు పట్టుకున్న మనుషులు. బస్సులో అందరి తలలూ కిటికీల్లోంచి బయటికొచ్చాయి.

‘‘గదేంది బిడ్డా... ఇమానం రెక్కనా?’’ అంది మా ముందు సీట్లో అవ్వ.

‘‘కాదవ్వా. గాలితోని కరెంటు తీస్తరు గదా, గా ఫ్యాను రెక్క’’ చెప్పాడు పక్కనున్న కుర్రాడు.

‘‘గింత పెద్ద ఫ్యానా? ఎవలకు ఇసురుతదిరా గాలి?’’

బస్సంతా నవ్వులు. అవ్వ మాత్రం నవ్వలేదు. కాసేపాగి మరో ప్రశ్న వేసింది. ‘‘మరి మన దిక్కు ఎందుకు పెట్టరు? మన దగ్గర గాలి లేదా?’’

ఈసారి ఎవరూ నవ్వలేదు. జవాబూ చెప్పలేదు. నిజమే... జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో గాలి లేదా? ఉంది. అవ్వ చిన్నప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ దాదాపు అంతే ఉంది. మారింది గాలి కాదు, ఆ రెక్క!

గాలి పాతదే... లెక్క కొత్తది

ముందు అవ్వ ప్రశ్నకి అంకెల్లో జవాబు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో గాలిమరల సామర్థ్యం నాలుగు వేల మెగావాట్ల పైచిలుకు. తెలంగాణలో ఎన్నో ఏళ్లుగా అది 128 మెగావాట్ల దగ్గరే ఆగిపోయింది. ఎక్కువ భాగం వికారాబాద్ జిల్లా పరిగి ప్రాంతంలోనిదే. ‘తెలంగాణలో గాలి తక్కువ’ అన్న మాట అలా స్థిరపడిపోయింది.

గాలి లెక్కలు చూసే జాతీయ పవన శక్తి సంస్థ చెన్నైలో ఉంది. నేల నుంచి వంద మీటర్ల ఎత్తులో వీచే గాలిని బట్టి ఆ సంస్థ అంచనా వేస్తే తెలంగాణకు వచ్చింది సుమారు 4,200 మెగావాట్లు. అదే 120 మీటర్ల ఎత్తులో చూస్తే సుమారు 24,800. ఇక 150 మీటర్ల ఎత్తులో అయితే... దాదాపు 54,700 మెగావాట్లు! యాభై మీటర్లు పైకి వెళ్లేసరికి రాష్ట్రం పదమూడింతల ‘గాలి సంపన్నురాలు’ అయిపోయింది. ఇదంతా రేపే కరెంటుగా మారిపోతుందని కాదు. భూమి దొరకాలి, లైన్లు వేయాలి, పెట్టుబడి రావాలి. కానీ ‘మన దిక్కు గాలి లేదు’ అన్న మాట మాత్రం తప్పని తేలిపోయింది.

రెండు చార్మినార్లు ఒకదానిపై ఒకటి పెట్టినా అందని ఎత్తులో, మెల్లగా వీచే గాలిని పట్టాలంటే మామూలు రెక్క సరిపోదు. పొడుగ్గా ఉండాలి. తేలిగ్గా ఉండాలి. ఇరవై ఏళ్లు విరగకుండా ఉండాలి. ఈ మూడూ ఒకదానికొకటి పడనివే. వాటిని కలపడానికే శాస్త్రవేత్తలు వందేళ్లకు పైగా తంటాలు పడుతున్నారు.

కల్లంలో నేర్చుకున్న పాఠం

నిజానికి ఈ లెక్కలో సగం మన రైతులకి ఎప్పుడో తెలుసు. నూర్పిడి మిషన్లు రాకముందు కోరుట్ల చుట్టుపక్కల కల్లాల్లో వడ్లు తూర్పారబట్టడం గుర్తుందా? నేలమీద నిలబడితే గాలి చాలదు. అందుకే ఎత్తుపీట ఎక్కి చేటతో పోసేవారు. నేల దగ్గర చెట్లూ చేమలూ గట్లూ గాలిని అడ్డుకుంటాయి. పైకి వెళ్లేకొద్దీ ఆ రాపిడి తగ్గి వేగం పెరుగుతుంది. గాలిమర స్తంభం పొడవు పెంచడం అంటే... ఆ పీట ఎత్తు పెంచడమే.

ఇక రెండో పాఠం. గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి రెట్టింపు కాదు, ఎనిమిదింతలవుతుంది. అలాగే వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది. నెమ్మది గాలి ఉన్నచోట ఇంత నష్టాన్ని పూడ్చుకునే దారి ఒకటే. ఎక్కువ గాలిని పట్టడం. అంటే రెక్క పొడవు పెంచడం.

పొలం భాషలో చెప్పుకుంటే ఇంకా తేలిక. 1990లలో అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద మన తెలుగునేల తొలి గాలిమరలు కొన్ని తిరగడం మొదలుపెట్టాయి. ఆ కాలంలో ప్రపంచమంతా వాడిన ఓ రకం మర జనరేటరు 225 కిలోవాట్లు, రెక్కల చక్రం వెడల్పు 27 మీటర్లు. అది తిరిగినంత మేర కొలిస్తే ఆరు గుంటల కంటే తక్కువ! ఇప్పుడు మన దేశంలో నెమ్మది గాలుల కోసం చేస్తున్న కొత్త మరల్లో 144 మీటర్ల చక్రాలున్నాయి. వాటి విస్తీర్ణం నాలుగు ఎకరాలు. ఆరు గుంటల గాలి చేను నాలుగెకరాలైందన్నమాట.

ఇందులోనే ఓ కిటుకుంది. జనరేటరు 225 కిలోవాట్ల నుంచి మూడు వేల కిలోవాట్లకు పెరిగింది. అంటే పదమూడింతలు. రెక్కలు ఊడ్చే వైశాల్యం మాత్రం ఇరవై ఎనిమిదింతలైంది. ఇంజను కంటే వలనే ఎక్కువ పెంచారు. మెల్లగాలి ఉన్నచోట కూడా మర రోజులో ఎక్కువ గంటలు తిరిగేది అందుకే.

దేవదారు చెక్క నుంచి గాజు దారం దాకా...

గాలితో కరెంటు తీసిన తొలి యంత్రాల్లో ఒకదానికి రెక్కలు దేంతో చేశారో తెలుసా? బట్టతో! 1887లో స్కాట్లాండ్‌లో జేమ్స్ బ్లైత్ అనే ప్రొఫెసర్ తన విడిది ఇంటి తోటలో తెరచాపల్లాంటి గుడ్డ రెక్కలతో గాలిమర కట్టి దీపాలు వెలిగించాడు. ఆ మరుసటేడాది అమెరికాలో చార్లెస్ బ్రష్ ఏకంగా 144 దేవదారు చెక్క రెక్కలతో 17 మీటర్ల చక్రం కట్టాడు. అంత చేసినా వచ్చింది 12 కిలోవాట్లే.

ఎక్కువ రెక్కలుంటే ఎక్కువ కరెంటు వస్తుందనుకున్నారు అప్పట్లో. డెన్మార్క్‌కు చెందిన పాల్ లా కూర్ 1890లలో ప్రయోగాలు చేసి, తక్కువ రెక్కలు వేగంగా తిరిగితేనే లాభమని తేల్చాడు. 1919లో జర్మనీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ మరో సంగతి చెప్పాడు. ఎంత గొప్ప రెక్క చేసినా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి పట్టలేం. ఎందుకంటే అంతా లాగేసుకుంటే గాలి అక్కడే నిలిచిపోతుంది, వెనకొచ్చే గాలికి దారుండదు. అంటే... ఆశకు హద్దుంది, రెక్క పొడవుకు మాత్రం హద్దు చెప్పలేదు!

ఆ ధైర్యంతోనే 1941లో అమెరికాలోని వెర్మాంట్ కొండ మీద 53 మీటర్ల చక్రంతో ఓ మర నిలబెట్టారు. రెండే రెక్కలు, అదీ ఉక్కుతో. ఒక్కోటి సుమారు 20 మీటర్లు, ఎనిమిది టన్నులు. యుద్ధకాలం కావడంతో రెక్కలో బలహీనంగా ఉన్న చోటు తెలిసి కూడా బాగుచేయలేకపోయారు. 1945 మార్చి 26న ఆ చోటే విరిగి రెక్క ఎగిరి పడింది. దాంతో ఆ కథ ముగిసింది.

అసలు చిక్కు బరువుది. రెక్క పొడవు రెట్టింపైతే పట్టే గాలి నాలుగింతలు. కానీ అదే అచ్చులో అన్ని వైపులా పెంచితే బరువు ఎనిమిదింతలు! ఆ ఉక్కు రెక్కనే అదే లెక్కన 107 మీటర్లకు సాగదీస్తే వెయ్యి టన్నులు దాటుతుంది. 2019లో ఫ్రాన్స్‌లోని షెర్బర్గ్‌లో ఎల్ఎం కంపెనీ నిజంగానే 107 మీటర్ల రెక్క చేసింది. దాని బరువు అరవై టన్నుల లోపే. ఇప్పుడు సముద్రంలో నిలిపే మరలకి 115 మీటర్ల రెక్కలు కూడా వచ్చేశాయి. వెయ్యికి, అరవైకి మధ్య ఉన్న ఆ తేడాలోనే మొత్తం రెక్క శాస్త్రం దాగి ఉంది.

అన్నట్టు, ఈ ఎల్ఎం కంపెనీ 1940లో డెన్మార్క్‌లో పుట్టింది... బల్లలూ కుర్చీలూ చేసే కార్ఖానాగా! తర్వాత గాజు దారంతో పడవలు చేసింది. 1978లో ఆ పడవల పనితనంతోనే రెక్కల్లోకి దిగింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

‘‘ఇది నేసింది కాదు సారూ’’

రెక్క లోపల ఏముంటుంది? చాలామంది ఇనుమో, ప్లాస్టిక్కో అనుకుంటారు. ఉండేది బట్ట! గాజును కరిగించి తీసిన సన్నటి దారాలతో చేసిన బట్ట. దాన్ని పొరలు పొరలుగా అచ్చులో పరిచి, రెసిన్‌తో గట్టిపరుస్తారు. రెక్కల తయారీలో పనిచేసే మిత్రుడొకరు ఆ బట్ట ముక్కలు రెండు ఇచ్చారు. వాటిని సంచిలో వేసుకొని సిరిసిల్ల వెళ్లాం. దారం గురించి సిరిసిల్లకంటే బాగా ఎవరికి తెలుసు?

బీవై నగర్ సందుల్లో సాంచాల చప్పుడు మధ్య ఓ ఆసామి ఆ ముక్కని చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకు పట్టి చూశాడు. గోరుతో గీకాడు. అటూ ఇటూ లాగాడు.

‘‘ఇది నేసింది కాదు సారూ... కుట్టింది’’ అన్నాడు అర నిమిషంలో. ‘‘పడుగు ఉన్నది, పేక లేదు. దారాలు పక్కపక్కన పరిచి సన్న పోగుతోని కుట్టిండ్రు. గిట్ల ఎందుకు చేసిండ్రో తెలుసా? నేస్తే దారం కిందికీ మీదికీ పోతది. గుంజితే ముందు ఆ వంకర సాపయితది, తర్వాతనే బలం పడతది. దారం సక్కగ ఉంటే గుంజినప్పుడే బలం పడతది.’’

ఇంజినీరింగు పుస్తకాలు పేజీలకొద్దీ చెప్పేది ఇదే! తొలినాళ్లలో రెక్కలకు నేసిన గాజు బట్టే వాడేవారు. పడుగు, పేక ఒకదాన్నొకటి దాటే చోట దారం వంగుతుంది. ఆ వంపు దగ్గరే కాలక్రమంలో పగుళ్లు మొదలవుతాయి. అందుకే నేత మానేసి దారాల్ని తిన్నగా పరిచి కుట్టే పద్ధతికొచ్చారు.

రెండో ముక్కలో దారాలు ఐమూలగా ఉన్నాయి. ‘‘ఇది మెలిపెడితే ఆగుతందుకు’’ అన్నాడాయన, చేతులతో తువ్వాలు పిండినట్టు చూపిస్తూ. అదీ నిజమే. రెక్కకు వెన్నెముకలా ఉండే పట్టీలో దారాలన్నీ పొడుగునే వెళ్తాయి. అవి రెక్క వంగి విరగకుండా కాపాడతాయి. పైతోలులో, లోపల నిలబెట్టే గోడలో ఐమూల దారాలుంటాయి. అవి మెలిక తిరగకుండా పట్టి ఉంచుతాయి. పొరల మధ్యలో బాల్సా అనే తేలికైన చెక్కో, నురగలాంటి ప్లాస్టిక్కో పెడతారు. బాగా పొడవైన రెక్కలకు గాజుకు బదులు వెన్ను పట్టీలో కార్బన్ దారం వాడుతున్నారు. ధర ఎక్కువే కానీ అదే బరువుకు ఎన్నో రెట్లు గట్టిది.

అంటే ఏ దారం ఎక్కడ, ఏ దిక్కుకు వేయాలో తెలుసుకోవడమే రెక్క బరువు తగ్గించిన రహస్యం. బలం కావాల్సిన చోటే దారం, మిగతాచోట వద్దు!

ఇక తయారీ. డెబ్భై మీటర్ల పొడవైన అచ్చులో మనుషులు పొర మీద పొర పరుస్తారు. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, అంచులు మూసి, లోపలి గాలంతా లాగేస్తారు. ఆ లాగుడుకి ద్రవంలా ఉన్న రెసిన్ బట్టంతా పాకుతుంది. గట్టిపడ్డాక రెండు సగాల్నీ జిగురుతో అతికిస్తారు. పొర పరిచేటప్పుడు చిన్న ముడత పడిందంటే ఆ చోట బలం తగ్గినట్టే. చీరకు ముడత పడితే ఇస్త్రీ ఉంది. రెక్కకు ఉండదు.

మామిడి కొమ్మ చెప్పే కిటుకు

నెమ్మది గాలికి పొడవు రెక్క సరే... మరి దుమారం వస్తే? జగిత్యాల మామిడి రైతునడగండి. ఏడాదంతా ఆకు కదలని తోటలో ఏప్రిల్, మే నెలల్లో ఒక్క సాయంత్రం గాలివాన చాలు, కాయంతా నేల పాలు. అదే గాలికి గట్టిగా నిలబడ్డ కొమ్మ విరుగుతుంది, వంగిన కొమ్మ మిగులుతుంది. వంగినప్పుడు ఆకులు కూడా పక్కకు తిరిగి గాలిని వదిలేస్తాయి.

కొత్త రెక్కలు చేసేదీ అదే. దారాల్ని కాస్త ఏటవాలుగా పరిస్తే, పెద్ద గాలి కొట్టి రెక్క వంగినప్పుడు దాని కొస దానంతటదే మెలిక తిరిగి గాలిని జారవిడుస్తుంది. మోటారు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. బట్ట పరిచిన తీరే ఆ పని చేసి పెడుతుంది. ఇది కాక మొదట్లో ఉండే మోటార్లు మొత్తం రెక్కనే తిప్పి గాలికి అంచు చూపిస్తాయి. గాలి మరీ ఎక్కువైతే మర ఆగిపోతుంది.

దుమారం కంటే గట్టి పరీక్ష రోజువారీ తిరుగుడే. నిమిషానికి పది చుట్లు అనుకుంటే ఏడాదికి 52 లక్షల చుట్లు, ఇరవై ఏళ్లకు పది కోట్ల పైనే. ప్రతి చుట్టుకీ రెక్క బరువు ఓసారి ఇటు, ఓసారి అటు లాగుతుంది. ఇనుప తీగని పదేపదే వంచితే తెగిపోవడం చూశాం కదా. ఇక్కడ పది కోట్లసార్లు వంచినా తెగకూడదు!

ఇంకోటి... దూరం నుంచి చూస్తే బద్ధకంగా తిరుగుతున్నట్టుంటుంది కానీ, 144 మీటర్ల చక్రం నిమిషానికి పది చుట్లు తిరిగితే రెక్క కొస వేగం గంటకు 270 కిలోమీటర్లు. ఆ వేగంలో వానచినుకు ఇసుకరవ్వలా కొడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అంచు గరుకు తేలి కరెంటు తగ్గుతుంది. అందుకే ముందంచుకు ప్రత్యేకంగా పూత పూస్తారు, తొడుగులు వేస్తారు. వెనకంచుకు రంపపు పళ్లలాంటి పట్టీలు అతికిస్తారు. చప్పుడు తగ్గించే ఆ ఉపాయం గుడ్లగూబ దగ్గర నేర్చుకున్నది. దాని ఈకల అంచులు అలాగే ఉంటాయి కాబట్టే అది చప్పుడు లేకుండా ఎగురుతుంది.

అతికితే చాలదు...

అన్నీ చదివిన వాళ్లే చేస్తున్నారు కదా, తప్పెక్కడ జరుగుతుంది అనుకోకండి. 2024 జూలైలో అమెరికాలోని నాన్‌టకెట్ దీవి దగ్గర సముద్రంలో 107 మీటర్ల రెక్క ఒకటి విరిగింది. ముక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చి తీరాన్ని మూసేయాల్సి వచ్చింది. తయారీలో జిగురు సరిగ్గా అంటుకోలేదనీ, తనిఖీలో దొరకాల్సిన లోపం దొరకలేదనీ తయారీ కంపెనీయే ఒప్పుకొంది. రెక్క ఎంత పెద్దదైనా దాని ప్రాణం పని చేసే చేతిలో, చూసే కంటిలో ఉందన్నమాట.

మరో చిక్కు... ముసలి రెక్కని ఏం చేయాలి? గట్టిపడిన రెసిన్ మళ్లీ కరగదు. అమెరికాలో చాలా రెక్కల్ని కోసి గోతుల్లో పూడ్చేశారు. ఐర్లండ్‌లో పాత రెక్కలతో చిన్న వంతెన కట్టారు. 2021లో సీమెన్స్ గమేసా కంపెనీ ఆమ్లంలో కరిగి దారం మళ్లీ విడివడే రెసిన్‌తో రెక్కలు చేసింది. ఆ మరుసటేడాది జర్మనీ సముద్రంలో వాటిని బిగించారు. పరిశోధన ఇప్పుడు ఇటే నడుస్తోంది.

ఇంతకీ మన సంగతేంటి?

రెక్కల ఫ్యాక్టరీలు మనకు దూరమేమీ కాదు. అనంతపురం జిల్లాలో సుజ్లాన్, అప్పటి నెల్లూరు జిల్లాలో గమేసా పెట్టినవి ఉన్నాయి. మరి దారంతో బతికే సిరిసిల్లకి ఇందులో చోటుందా?

ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. సాంచె మీద గాజు బట్ట రాదు. దానికి వేరే యంత్రాలు కావాలి, అవి ఆసాములు కొనగలిగేవి కావు. గాజు నూలుతో పనంటే చేతికి దురద, ఊపిరికి దుమ్ము. జాగ్రత్తలు తప్పనిసరి. రేపే ఏదో జరిగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. 2000 తర్వాతి ఏళ్లలో నేతన్నల ఆత్మహత్యలతో వార్తలకెక్కిన ఊరది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు కొన్నేళ్లు ఊపిరి పోశాయి. కానీ ఆర్డరుంటే పని, లేకపోతే సాంచె బందు అన్న బతుకు మారలేదు. ఉత్త ఆశలు ఆ ఊరికి కొత్త కాదు.

కానీ కుర్చీలు చేసే కార్ఖానా ఒకటి రెక్కల్లోకి వచ్చిందని చెప్పుకున్నాం కదా. దాన్ని అక్కడిదాకా తీసుకొచ్చింది యంత్రాలు కాదు, చేతిలో ఉన్న పనితనం. సాంకేతిక వస్త్రాల కోసం కేంద్రం 2020లో 1,480 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్ ప్రకటించింది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్టీయూ ఇంజినీరింగు కళాశాల ఉంది. 2021లో సిరిసిల్లకూ ఒకటి వచ్చింది. తండ్రికి దారం తెలుసు, కొడుక్కో కూతురికో లెక్కలు తెలుసు. ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పాఠం మాత్రం ఇంకా మొదలుకావాలి. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని మన పెద్దలు ఊరికే అన్నారా?

వచ్చేటప్పుడు ఆ ఆసామి గాజు బట్ట ముక్కని తిరిగివ్వలేదు. ‘‘మా పిల్ల ఇంజినీరింగ్ చదువుతున్నది సారూ. రాత్రికి చూపిస్తా’’ అంటూ మడత పెట్టి జేబులో వేసుకున్నాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు బయటికి తీశాడు. మడత విప్పి, ముడత పడకుండా కాగితంలో చుట్టుకున్నాడు.